చిగుళ్ళ కొంప ముంచే సలహాలు

పొద్దున్నే బ్రష్ మీద కాస్త ఎర్రగా కనిపించిందని ఇంట్లో అనండి చాలు, సలహాలు వచ్చి పడతాయి. అత్తగారు ఉప్పూ బొగ్గూ కలిపి గట్టిగా రుద్దమంటారు. బాబాయి నాలుగు రోజులు బ్రష్ ముట్టుకోవద్దంటాడు. మందుల షాపు కుర్రాడు రెండు రంగుల బిళ్ళలు కాగితంలో చుట్టి చేతిలో పెడతాడు. ఆఫీసులో పక్క సీటాయన గొంతు తగ్గించి, "ఏం చేసినా చెయ్యి గానీ క్లీనింగ్ మాత్రం చేయించకు, మా బావమరిదికి పళ్ళన్నీ కదిలిపోయాయి" అంటాడు. అందరూ మన మంచి కోరేవాళ్ళే. అయినా వీళ్ళలో ఎవరి మాట విన్నా చిగుళ్ళ జబ్బు ఇంకో మెట్టు పైకెక్కుతుంది.

నొప్పి లేకుండా పెరగడమే ఈ జబ్బుకున్న బలం. పుచ్చిపన్ను రాత్రంతా నిద్రపోనివ్వదు కాబట్టి తెల్లారగానే డాక్టరు దగ్గరికి పరిగెడతాం. చిగురు అలా కాదు. లోపల ఎముక ఏళ్ళ తరబడి కరుగుతున్నా కిమ్మనదు. ప్రపంచంలో ఈ జబ్బు ముదిరిన కేసులు వంద కోట్లకు పైగా ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. చెడు సలహా తరాలపాటు బతకడానికి కారణం కూడా ఈ మౌనమే. పాటించినవాడికి ఆ రోజు ఏ నష్టమూ కనిపించదు. పదేళ్ళ తర్వాత పన్ను ఊగినప్పుడు ఆ సలహా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఎవరికీ గుర్తుండదు. తెలుగు ఇళ్ళలో గట్టిగా పాతుకుపోయిన కొన్ని సలహాలను తీసుకుని, అవి ఎక్కడ తప్పుతున్నాయో, వాటికి బదులు ఏం చేయాలో చెబుతాను.

"రక్తం వస్తోంది కదా, నాలుగు రోజులు అక్కడ బ్రష్ పెట్టకు"

వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. చేతికి దెబ్బ తగిలితే కెలకం కదా, చిగురుకైనా అంతే అనిపిస్తుంది. కానీ ఆ రక్తం బ్రష్ చేసిన గాయం వల్ల వచ్చింది కాదు. పన్నూ చిగురూ కలిసే అంచున పాచి పేరుకుంటుంది. నిద్ర లేవగానే నాలుకతో తడిమితే జిగటగా తగిలేది అదే. అది కేవలం తిండి తాలూకు మురికి కాదు, కోట్ల సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి పట్టుకుని కట్టుకున్న పొర. వాటిని ఎదుర్కోవడానికి శరీరం ఆ అంచుకు రక్తాన్ని ఎక్కువగా పంపుతుంది. సన్నటి రక్తనాళాలు ఉబ్బుతాయి, వాటి మీది చర్మం పలచబడుతుంది. అప్పుడు మెత్తటి కుచ్చు తగిలినా నెత్తురు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురైతే మెత్తటి బ్రష్‌కు రక్తం కారదు. అంటే రక్తం వచ్చిన చోటే పాచి మిగిలిపోతోంది, మన చెయ్యి సరిగ్గా అందనిది కూడా అక్కడే. ఆ చోటినే వదిలేయమంటోంది ఈ సలహా.

దీని సంగతి 1965లోనే తేలిపోయింది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లోయె అనే నార్వే దంతవైద్యుడు, ఆయన సహచరులు చిగుళ్ళు బాగున్న 12 మందిని ఎంచుకుని పళ్ళు శుభ్రం చేసుకోవడం పూర్తిగా మానేయమన్నారు. వాళ్ళలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. 10 నుంచి 21 రోజుల్లో ఒక్కరూ మిగలకుండా అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టించాక వారం పది రోజుల్లో ఆ వాపు తగ్గిపోయింది. మందు లేదు, మాత్ర లేదు, టానిక్కు లేదు. పాచిని వదిలేస్తే జబ్బు వచ్చింది, తీసేస్తే పోయింది. చిగుళ్ళ గురించి ఒకే ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలంటే నేను ఈ ప్రయోగాన్నే గుర్తుపెట్టుకోమంటాను.

కాబట్టి రక్తం కనిపించిన చోట మరింత ఓపికగా తోమాలి. మెత్తటి కుచ్చులున్న బ్రష్ తీసుకుని, కుచ్చులు సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఆనేలా ఏటవాలుగా పెట్టాలి. పైపన్నుకైతే కుచ్చులు పైకి, కిందిపన్నుకైతే కిందికి చూడాలి. అలా ఆనించి, ఉన్నచోటే సన్నగా కదిలించి, ఆ తర్వాత పన్ను అంచు వైపు ఊడ్చినట్టు లాగాలి. అమెరికాలో చార్లెస్ బాస్ అనే వైద్యుడు గత శతాబ్దం మధ్యలో నేర్పిన పద్ధతికి కాస్త మార్పు చేసిన రూపం ఇది, ఆయన పేరుతోనే ఇప్పటికీ దంత కళాశాలల్లో చెబుతారు. రెండు మూడు పళ్ళ చొప్పున జరుగుతూ పోతే నోరంతా పూర్తవడానికి కనీసం రెండు నిమిషాలు పడుతుంది. లోపలి వైపును, అంటే నాలుక వైపును మనలో చాలామంది తోమనే తోమరు. అద్దంలో కనిపించే పక్కనే తోముతాం.

బ్రష్ ఎంత తిప్పినా పళ్ళ సందుల్లోకి వెళ్ళదు, జబ్బేమో చాలావరకు అక్కడే మొదలవుతుంది. సందులు బిగుతుగా ఉంటే ఫ్లాస్ దారం, కాస్త వదులుగా ఉంటే సందుల్లోకి దూరే బుల్లి బ్రష్ వాడాలి. ఇవి ఇప్పుడు జిల్లా కేంద్రాల మందుల షాపుల్లోనూ దొరుకుతున్నాయి. పిన్నీసు, అగ్గిపుల్ల, చీపురుపుల్ల వద్దు. అవి చిగురును చీలుస్తాయి తప్ప పన్ను పక్క గోడను తుడవలేవు.

మొదటి రెండు మూడు రోజులు రక్తం కాస్త ఎక్కువే రావచ్చు, అక్కడే భయపడి ఆపేస్తారు. ఆపకుండా రెండు వారాలు చేసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే లోపల గార, అంటే రాయిలా గట్టిపడ్డ పాచి, ఉందని అనుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒక మినహాయింపు మాత్రం మరిచిపోకూడదు. బ్రష్ తగలకుండానే రక్తం కారుతున్నా, ఒంటిమీద దెబ్బ తగలకుండా కమిలిన మచ్చలు వస్తున్నా వెంటనే రక్తపరీక్ష చేయించాలి. జ్వరంతో పాటు చిగుళ్ళలోంచి రక్తం వస్తే, అందులోనూ వానాకాలం డెంగీ రోజుల్లో, అదే పూట ఆసుపత్రికి వెళ్ళాలి.

"ఉప్పు, బొగ్గు, కచ్చిక పెట్టి గట్టిగా రుద్దు, చిగుళ్ళు గట్టిపడతాయి"

పిడకలు కాల్చిన కచ్చిక, ఇటుకపొడి, పొయ్యిలోని బొగ్గు, గరుకు ఉప్పు. పేస్టు కొనే స్తోమత లేని రోజుల్లో మన పెద్దలు చేతికందినదానితో నోరు శుభ్రం చేసుకున్నారు, అందులో చిన్నతనమేమీ లేదు. ఇప్పుడు ఆ బొగ్గే నల్లటి పేస్టుగా మారి ఖరీదైన ట్యూబుల్లో వస్తోంది. పొడి పాతదైనా కొత్తదైనా చేసే పని ఒకటే, అరగదీయడం.

రుద్దితే కండ గట్టిపడుతుందన్న లెక్క అరికాలికి సరిపోతుంది గానీ చిగురుకు సరిపోదు. చిగురు అరిగి కిందికి జారుతుంది. అది జారినచోట పంటి వేరు బయటపడుతుంది. పన్ను పైభాగాన ఉండే ఎనామెల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. వేరు మీద అది ఉండదు. అందుకే గరుకు పొడి, గట్టి బ్రష్ రెండూ కలిస్తే చిగురు దగ్గర పన్ను మీద కోసినట్టు గాడి పడుతుంది. అద్దంలో ఒకసారి మీ కోరపళ్ళ దగ్గర చూసుకోండి. కుడిచేత్తో తోముకునేవాళ్ళకు ఎడమవైపు, ఎడమచేత్తో తోముకునేవాళ్ళకు కుడివైపు గాడి లోతుగా ఉండటం తరచూ కనిపిస్తుంది. నిమ్మచెక్కతో రుద్దమనడం ఇంకా ప్రమాదం. పులుపుకు ఎనామెల్ మెత్తబడుతుంది, మెత్తబడ్డదాన్ని రుద్దితే తేలిగ్గా పోతుంది.

గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పుక్కిలిస్తే వాపుకు కాస్త హాయిగా ఉంటుంది, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. వేప, కానుగ పందుంపుల్లల్ని కూడా నేను తీసిపారేయను. చివర మెత్తగా నమిలి కుచ్చు చేసుకుని నిదానంగా తోమితే బయటివైపు పాచి బాగానే పోతుంది. లోపలివైపూ దవడపళ్ళ సందుల్లోకీ ఆ పుల్ల చేరదు, అంతే దాని లోటు.

మరకల్ని మురికి అనుకుని రుద్దేవాళ్ళకు ఇక్కడే ఒక మాట. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. అప్పటి నెల్లూరు జిల్లా ప్రాంతంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును వైద్యులు 1937లోనే నమోదు చేశారు. పన్ను దవడలో తయారవుతున్నప్పుడే పట్టిన రంగు అది. ఏ పొడితో రుద్దినా పోదు, క్లీనింగ్‌తోనూ పోదు. ఆ పిల్లలు పళ్ళు తోముకోరని బడిలో వెక్కిరించడం ఎంత అన్యాయమో పెద్దలం మనం గుర్తించాలి. వాళ్ళు చేయని తప్పుకు వాళ్ళ చేత ఇటుకపొడి వాడించిన తల్లిదండ్రులూ ఉన్నారు.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయి, సందులు పడతాయి"

ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం ఈ సలహానే. మిగతావి చిగురును కొంచెం కొంచెంగా పాడుచేస్తాయి. ఇదొక్కటే బాగుపడే దారినే మూసేస్తుంది.

ఇలా చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళ బావమరిదికి క్లీనింగ్ తర్వాత పళ్ళు ఊగాయి, సందులు కనిపించాయి, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంది. జరిగింది నిజం. దానికి చెప్పుకున్న కారణం తప్పు.

పాచిని తీయకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులో చేరి అది రాయిలా గట్టిపడుతుంది. అదే గార. కింది ముందుపళ్ళ వెనకవైపు గోరుతో గీరి చూస్తే చాలామందికి తగులుతుంది. నాలుక కిందనుంచి లాలాజలం ఊరే నాళాలు సరిగ్గా అక్కడే తెరుచుకుంటాయి. పైదవడలో బుగ్గ వైపున్న పెద్దపళ్ళ మీద గార పట్టడానికీ కారణం అదే, బుగ్గలోంచి వచ్చే మరో నాళం వాటికి ఎదురుగా ఉంటుంది. గార ఒకసారి గట్టిపడితే బ్రష్‌కు లొంగదు. దాని గరుకుతనం మీద కొత్త పాచి ఇంకా తేలిగ్గా అతుక్కుంటుంది, నెమ్మదిగా చిగురు కిందికి దిగుతుంది. అక్కడి వాపు ఏళ్ళు గడిచేకొద్దీ పన్నును దవడకు కట్టిపెట్టే నారను, ఎముకను తినేస్తుంది.

చెద తిన్న గుంజ చుట్టూ పుట్టమన్ను గట్టిపడి ఉంటే గుంజ నిటారుగానే నిలబడుతుంది. మట్టి గీకిన రోజున ఊగుతుంది. అలాగని గుంజను తిన్నది గీకిన పార కాదు. పళ్ళ మధ్య గోడలా అల్లుకున్న గార వదులైన పళ్ళను ఒకదానికొకటి అతికించి పెడుతుంది. దాన్ని తీయగానే అప్పటికే జరిగిన నష్టం బయటపడుతుంది. సందులూ అంతే. వాచి ఉబ్బిన చిగురు, గార కలిసి సందును నింపి ఉంచుతాయి. గార పోయి, వాపు తగ్గి, చిగురు తన అసలు మట్టానికి దిగితే ఖాళీ కనబడుతుంది. అన్నాళ్ళూ గార కప్పి ఉంచిన వేరుకు చల్లగాలి తగలడం వల్లే ఆ జివ్వుమనడం. చాలామందికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో అది తగ్గుతుంది. సున్నితత్వానికి వాడే పేస్టుతో ఇంకా త్వరగా తగ్గుతుంది. వాపు దిగాక కాస్త ఊగిన పళ్ళు మళ్ళీ బిగుసుకోవడం కూడా మామూలే.

క్లీనింగే పళ్ళు ఊడగొడుతుందన్న మాట నిజమైతే, జీవితంలో ఒక్కసారీ క్లీనింగ్ ఎరగనివాళ్ళ పళ్ళు గట్టిగా ఉండాలి కదా? అది కూడా చూశారు. పైన చెప్పిన హరాల్డ్ లోయె బృందమే 1970లో శ్రీలంక తేయాకు తోటలకు వెళ్ళి 480 మంది తమిళ కూలీలను పరీక్షించి, వాళ్ళను 15 ఏళ్ళు గమనించింది. వాళ్ళకు బ్రష్ అలవాటు లేదు, పళ్ళ డాక్టరు లేడు, పరికరం తాకింది లేదు. పుచ్చుపళ్ళు కూడా దాదాపు లేవు. అయినా 11 శాతం మందికి మాత్రమే జబ్బు చిగురు వాపు దాటి లోపలికి పోలేదు. 81 శాతం మందికి ఎముక నెమ్మదిగా తరిగింది, 45 ఏళ్ళ వయసుకు సగటున 7 పళ్ళు పోయాయి. మిగిలిన 8 శాతం మందిలో జబ్బు వేగంగా పాకింది, 45 ఏళ్ళకు పళ్ళన్నీ పోయాయి. ఆ తోటల్లో నిందించడానికి క్లీనింగ్ మిషనే లేదు. పని చేసింది పాచీ గారా మాత్రమే.

ఇందులో దాచకూడని మాట ఇంకొకటుంది. ఏమీ చేయకపోయినా ఆ 11 శాతం మంది గట్టెక్కారు. "మా తాత బ్రష్ ముట్టలేదు, తొంభై ఏళ్ళకూ చెరుకు నమిలాడు" అనే కథలు ఎక్కడినుంచి వస్తాయో ఇప్పుడు తెలుస్తుంది. తాత అబద్ధం కాదు. మనం ఆ పదకొండు మందిలో ఉన్నామో, ఆ ఎనిమిది మందిలో ఉన్నామో ముందుగా తెలుసుకునే వీలు మాత్రం లేదు.

కుర్చీలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఆ పరికరం మొన సెకనుకు పాతిక వేల సార్ల ప్రాంతంలో కంపిస్తుంది. ఆ కంపనానికి గార పగిలి ఊడిపోతుంది, పక్కనే నీళ్ళు చిమ్ముతూ దాన్ని కడిగేస్తాయి. పదునుతో చెక్కడం కాదు కాబట్టి, తెలిసినవాళ్ళ చేతిలో ఎనామెల్‌కు హాని ఉండదు. పని మొదలుపెట్టే ముందు డాక్టరు మిల్లీమీటరు గీతలున్న సన్నటి కడ్డీతో పన్నుకూ చిగురుకూ మధ్య లోతు కొలవాలి. మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటే మామూలే. నాలుగు, ఐదు, ఆరు అంటూ పెరుగుతుంటే లోపల ఎముక తగ్గిందేమోనని ఎక్స్‌రే తీసి చూస్తారు. లోతు పెరిగినచోట పైపై క్లీనింగ్ చాలదు, మత్తిచ్చి వేరు మీది గారను కూడా తీయాలి. అది ఒకటికి నాలుగు సిటింగులు పట్టవచ్చు. నెలా రెండు నెలల తర్వాత అవే చోట్ల మళ్ళీ కొలిస్తేనే చిగురు బిగిసిందో లేదో తెలుస్తుంది. "నా కొలతలు ఎంత వచ్చాయి డాక్టర్ గారూ?" అని అడగండి, చీటీ మీద రాయించుకోండి. షుగరు అంకె రాయించుకోవడం మనకు అలవాటే, ఇదీ అంతే.

అలాగని ఏడాదికోసారి క్లీనింగ్ చేయించుకుంటే ఇంట్లో ఎలా తోమినా ఫర్వాలేదనుకోవడమూ పొరపాటే. పాచి ఆ సాయంత్రం నుంచే మళ్ళీ మొదలవుతుంది. మన దేశపు 1948 దంతవైద్యుల చట్టంలో డెంటల్ హైజీనిస్టు అంటే ఎవరో చెప్పినచోట, పళ్ళు శుభ్రం చేయడంతో పాటు నోటి శుభ్రత నేర్పడం కూడా వాళ్ళ పనిగా రాశారు. కాబట్టి క్లీనింగ్ అయ్యాక అద్దం అడిగి తీసుకుని, ఎక్కడెక్కడ పాచి వదిలేస్తున్నారో చూపించమని అడిగే హక్కు మీకుంది. ఎన్నాళ్ళకోసారి రావాలన్నదీ మనిషిని బట్టి ఉంటుంది. జబ్బు ముదిరి బాగుపడ్డవాళ్ళు మూడు నెలలకోసారి చూపించుకోవాలి, చిగుళ్ళు బాగున్నవాళ్ళకు ఏడాది కూడా సరిపోవచ్చు. ఖర్చు భయం ఉంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ దంత కళాశాలల ఆసుపత్రులున్నాయి. రోడ్డు పక్కన ద్రావకం పూసి పళ్ళు మెరిపిస్తామనేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. ఆ మెరుపు కింద ఎనామెల్ కరిగిపోతుంది.

"బిళ్ళలు వేసుకో, మౌత్‌వాష్ పుక్కిలించు, తగ్గిపోతుంది"

హాలండ్‌లో బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ తన పంటి పాచిని తానే తయారుచేసుకున్న భూతద్దంలో చూసి, అందులో కదిలే జీవులున్నాయని 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. వెనిగర్ పోస్తే పాచి పైనున్నవి చచ్చాయి గానీ పొర లోపలివి చావలేదని కూడా గమనించాడు. ఇవాళ్టి యాంటీబయాటిక్ బిళ్ళకూ అదే ఇబ్బంది. ఆ జీవులు పొర కట్టుకుని ఉన్నంతకాలం మందు లోపలిదాకా సరిగ్గా దిగదు. పొరను చేత్తో చెదరగొట్టాల్సిందే. బిళ్ళలతో వాపు నాలుగు రోజులు తగ్గుతుంది, గార అక్కడే ఉంటుంది, నెల తిరక్కుండా వాపు మళ్ళీ వస్తుంది. చీము పట్టి ముఖం వాచినప్పుడు యాంటీబయాటిక్ కావాలో వద్దో డాక్టరే తేల్చాలి.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మంచి మందే, కొద్ది రోజులకు. నెలల తరబడి వాడితే పళ్ళ మీద గోధుమరంగు పట్టి, రుచి మారుతుంది. ఇక సి విటమిన్ సంగతి. దాని లోపంతో వచ్చే స్కర్వీలో చిగుళ్ళు కారే మాట నిజమే, 1747లో జేమ్స్ లిండ్ నావికులకు నారింజలు, నిమ్మకాయలు ఇచ్చి నయం చేసి చూపించాడు. కానీ నెలల తరబడి సముద్రం మీద ఎండు రొట్టెలు తిన్నవాళ్ళ జబ్బు అది. మనకు రక్తం రావడానికి కారణం చాలావరకు పాచే. ఉసిరికాయ ఆరోగ్యానికి తినండి, గార కరుగుతుందని తినకండి.

"పొగాకు పెట్టుకో, పంటినొప్పి లాగేస్తుంది"

పొగాకు చిగురులోని రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది. అందుకే చుట్ట, సిగరెట్టు, ఖైనీ అలవాటున్నవాళ్ళలో చిగురు అంతగా కారదు, ఎర్రబడదు. "నాకు ఒక్క చుక్క రక్తం రాదు" అని వాళ్ళు ధైర్యంగా ఉంటారు, లోపల ఎముక మిగతావాళ్ళకంటే వేగంగా పోతుంటుంది. జబ్బు వచ్చిందని చెప్పే ఒకే ఒక్క గుర్తును కూడా పొగాకు చెరిపేస్తుంది. గుట్కా, జర్దా రోజూ ఒకేచోట నొక్కిపెట్టుకునేవాళ్ళకు సరిగ్గా అక్కడే చిగురు దిగజారి కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ వల్ల అంగిలి మీద పుండ్లు, క్యాన్సర్లు వస్తాయి. ఆ అలవాటున్న అమ్మమ్మలకు ఎవరో ఒకరు నోరు తెరిపించి, దీపం పెట్టి చూడాలి. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. ఊరి సంతలో పేరు లేని పొట్లంలో అమ్మే నల్లపొడిలో ఏముందో మాత్రం ఎవరు చెప్పగలరు? కొనకండి.

"ముందు షుగరు తగ్గనీ" అనీ, "కాన్పు అయ్యాక చూద్దాం" అనీ

రెండూ వాయిదా సలహాలే, రెండూ తలకిందులు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ఉంటే షుగరూ లొంగదు. చిగుళ్ళకు పూర్తి వైద్యం చేయించుకున్న షుగరు రోగుల్లో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ అనే షుగరు పరీక్ష అంకె సగటున 0.4 శాతం దాకా తగ్గినట్టు ఎన్నో పరిశోధనలు కలిపి చూస్తే తేలింది. ఒక్క బిళ్ళ అదనంగా వేయకుండా వచ్చిన లాభం అది. షుగరు డాక్టరు కళ్ళు, కాళ్ళు చూసినట్టే చిగుళ్ళూ చూపించుకోమనాలని నా కోరిక. చాలాచోట్ల అనడం లేదు.

గర్భిణికి హార్మోన్ల మార్పు వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు విపరీతంగా వాస్తాయి. నెలలు నిండేదాకా ఆగడం కంటే నాలుగు నుంచి ఆరో నెల మధ్య క్లీనింగ్ చేయించుకోవడం ఆమెకు సుఖం, బిడ్డకు ప్రమాదం లేదు. వేవిళ్ళతో వాంతి అయిన వెంటనే మాత్రం బ్రష్ చేయకూడదు. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగి తోముకోవాలి, వాంతిలోని ఆమ్లానికి పన్ను మెత్తబడి ఉంటుంది.

మందులు వాడేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగురును పెంచి పన్ను మీదికి తెస్తాయి. మందు మానేయకండి, రాసిన డాక్టరుకు చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు, గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే ఆ సంగతి చెప్పాలి.

"పైపన్ను ముట్టుకుంటే కంటిచూపు పోతుంది"

పోదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు, రెంటికీ ముడి లేదు. పైపన్ను తీయించుకున్న పెద్దవాళ్ళకు ఆ తర్వాత చత్వారమో శుక్లమో వచ్చి ఉంటుంది, ఆ వయసులో అవి ఎలాగూ వస్తాయి. చీము పట్టిన పన్నును ఈ భయంతో నోట్లోనే ఉంచుకోవడం ఒంటికంతటికీ చేటు.

"వయసు మీదపడింది, పళ్ళు ఊడక ఏం చేస్తాయి?"

స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ పట్టణంలో అక్సెల్సన్, లిండే అనే దంతవైద్యులు 1970ల మొదట్లో కొన్ని వందల మంది పెద్దవాళ్ళను తీసుకుని, ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలో నేర్పి, మొదట రెండు నెలలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి, ఆపైన ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళకు క్లీనింగ్ చేస్తూ వచ్చారు. 30 ఏళ్ళ తర్వాత లెక్క చూస్తే, మొదలుపెట్టినప్పుడు 50 దాటినవాళ్ళు కూడా సగటున రెండు పళ్ళైనా పోగొట్టుకోలేదు. శ్రీలంక లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూడండి. రెండుచోట్లా వయసు పెరిగింది. ఒకచోట గార తీశారు, ఒకచోట తీయలేదు.

ఈ సలహా అందరికంటే ఎక్కువగా మంచాన పడ్డ పెద్దవాళ్ళను దెబ్బతీస్తుంది. వాళ్ళకు స్నానం చేయిస్తాం, బట్టలు మారుస్తాం, నోరు మాత్రం మరిచిపోతాం. నోట్లోని పాచి ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళు చూసినప్పుడు, రోజూ నోరు శుభ్రం చేయించినవాళ్ళలో న్యుమోనియా తక్కువగా వచ్చింది.

చేసే పద్ధతి కష్టం కాదు. తల కింద రెండు దిండ్లు పెట్టి వీపు లేపి కూర్చోబెట్టాలి. లేవలేకపోతే ఒక పక్కకు తిప్పాలి. వెల్లకిలా ఉంచి చేస్తే నీళ్ళు గొంతులోకి పోతాయి. పిల్లల మెత్తటి బ్రష్‌ను నీళ్ళలో ముంచి విదిలించి, పేస్టు శనగగింజంత మాత్రమే పెట్టి, రెండు వేళ్ళతో బుగ్గ పక్కకు లాగి చిగురు అంచు వెంబడి తోమాలి. నురగను తడిగుడ్డతో ఎప్పటికప్పుడు తుడవాలి. కట్టుడు పళ్ళుంటే రాత్రి తీసి బ్రష్‌తో తోమి నీళ్ళలో వేయాలి, అవి ఆనే చిగురునూ గుడ్డతో తుడవాలి. పళ్ళు పూర్తిగా లేనివాళ్ళకైనా వేలికి తడిగుడ్డ చుట్టి చిగుళ్ళు, నాలుక, బుగ్గల లోపలివైపు రోజూ తుడవాలి. రెండు పూటలా కుదరకపోతే రాత్రి పూట చేయండి. నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది కాబట్టి పాచి పెరిగేది అప్పుడే.